బండికి హిచ్ వేసిన సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం నిన్న అందింది. "నీ బండికి ట్రైలర్ హిచ్ వేసుకున్నావట కదా, నాదీ ఇంచుమించు అంతే ఉండే చిన్న ఎస్‌యూవీ, నేనూ వేయించుకోవచ్చా?" అని అడిగావు. నిరభ్యంతరంగా వేయించుకోవచ్చురా. హిచ్ అంటే ట్రైలర్ తగిలించడానికి బండి వెనక బిగించే ఇనప కమ్మీయే కదా. కానీ డబ్బు పెట్టేముందు ఒక సంగతి తెలుసుకో. నాకు ముందే ఎవరైనా ఇది చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

హిచ్ మీద రాసిన అంకె హిచ్‌దే, నీ బండిది కాదు. నేను కొన్నదాని మీద 1,588 కిలోలు లాగుతుందని స్టిక్కర్ ఉంది. అది చూసి అంత బరువు లాగొచ్చని సంబరపడ్డాను. తీరా బండి మాన్యువల్ తిరగేస్తే ట్రైలర్, అందులో సామాను అంతా కలిపి 680 కిలోలు దాటకూడదని ఉంది. ఇనప కమ్మీ ఎంత గట్టిదైతే మాత్రం ఏం లాభం, లాగాల్సింది అదే ఇంజిన్, ఆపాల్సింది అవే బ్రేకులు కదా. విడి గేర్లు లేకుండా దానంతటదే మారే సీవీటీ గేర్‌బాక్స్ అయితే మరీ జాగ్రత్త, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ బాగా వేడెక్కిపోతుంది. హిచ్, దాని మీద ట్రైలర్ కొన కూర్చునే ఇనప గుండు (బాల్ అంటారు), ట్రైలర్, బండి, ఈ నాలుగింటిలో ఏది తక్కువ మోస్తుందో ఆ అంకెకే కట్టుబడి ఉండు.

మాన్యువల్‌లో ఆ పక్కనే ఇంకో అంకె ఉంటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ట్రైలర్ ముందు కొన హిచ్ మీద మోపే బరువు అది, టంగ్ వెయిట్ అంటారు. నా బండికి 68 కిలోలు మించకూడదు. మామూలుగా సామానుతో సహా ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ముందు కొన మీద పడాలి. ఎక్కువైతే బండి వెనక కుంగి, ముందు చక్రాల మీద పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో కొడతాయి. తక్కువైతే ఇంకా ప్రమాదం.

ఆ ప్రమాదం నేను కళ్ళారా చూశాను. మొదటిసారి ట్రైలర్ తగిలించినప్పుడు బరువైన పెట్టెలన్నీ వెనక వైపు సర్దాను, దించడం తేలికని. 80 కిలోమీటర్ల వేగం దాటగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైంది. స్టీరింగ్‌లో ఆ ఊపు చేతికి తెలుస్తోంది. గుండె ఝల్లుమంది. గట్టిగా బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ తిప్పకుండా, తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు మెల్లిగా తీశాను. వేగం తగ్గేకొద్దీ సర్దుకుంది. నీకూ ఎప్పుడైనా అలా అయితే అదే చెయ్యి. ఎదురు తిప్పబోతే ఊపు ఇంకా పెరుగుతుంది.

ఇంటికొచ్చాక తూచి చూశాను. కాటా మీద ట్రైలర్ మొత్తం 420 కిలోలు వచ్చింది. టంగ్ వెయిట్‌కి మాత్రం మనుషులు బరువు చూసుకునే మిషన్ చాలు, చిన్న ట్రైలర్లకి అది సరిపోతుంది. చక్రాలకు అడ్డం పెట్టి, మిషన్ మీద ఒక కట్టె నిలబెట్టి, ట్రైలర్ సమంగా ఉండేట్టు ముందు కొనని దాని మీద ఆనించాను. కట్టె బరువు తీసేస్తే 24 కిలోలే! రెండు పెద్ద పెట్టెల్ని ఇరుసుకి ముందు వైపు జరిపి మళ్ళీ తూస్తే 50 వచ్చింది. ఆ రోజు నుంచి ట్రైలర్ ఒక్కసారి కూడా ఊగలేదు. ఇంకోటి, ఆ 50 కిలోలు బండిలో ఎక్కిన మనిషి బరువు లాంటివే. బండి మోయగలిగే మొత్తంలో మనుషులు, డిక్కీ సామాను, ఇదీ కలిపి లెక్కేసుకోవాలి.

ఇక బిగించడం. నేనూ తమ్ముడూ కలిసి ఒక పూటలో చేశాం. మా మోడల్‌కి ఛాసిస్‌లో కంపెనీవాళ్ళే బోల్టు రంధ్రాలు పెట్టి వదిలారు కాబట్టి డ్రిల్లింగ్ అక్కర్లేకపోయింది. సైలెన్సర్‌ని పట్టుకుని ఉండే రబ్బరు హ్యాంగర్లు ఊడదీసి దాన్ని కాస్త కిందికి దించాలి. అవి ఎంత లాగినా రావు, సబ్బు నీళ్ళు రాస్తే జారిపోయి వచ్చేస్తాయి.

అసలు టెన్షన్ పెట్టింది లోపలి నట్లు. అవి ఛాసిస్ లోపల వెల్డింగ్ చేసి ఉంటాయి. ఒకదాంట్లో బోల్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. తమ్ముడు పొడుగు స్పానర్ తేబోతే వద్దన్నాను. బలవంతం చేస్తే వెల్డింగ్ ఊడి నట్టు లోపలే బోల్టుతో పాటు తిరుగుతుంది, చుట్టూ మూసుకున్న ఇనుము, దాన్ని పట్టుకోవడానికి చెయ్యి కూడా దూరదు. బోల్టు వెనక్కి తీసి చూస్తే మర చుట్ల నిండా ఎర్రటి తుప్పు పొడి. తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, వైరు బ్రష్‌తో లోపల తిప్పి తిప్పి శుభ్రం చేశాం. మూడోసారికి బోల్టు వేళ్ళతోనే లోపలి దాకా వెళ్ళింది. అన్నీ చేత్తో ఎక్కించాకే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్) పట్టుకో, హిచ్‌తో వచ్చిన కాగితంలో చెప్పిన లెక్కకే బిగించు. నాలుగు రోజులు తిరిగాక మళ్ళీ ఒకసారి సరిచూడు.

వైరింగ్ దగ్గర మటుకు తొందరపడకు. ఈ రోజుల్లో బండ్లలో లైట్లన్నీ కంప్యూటర్ చూసుకుంటుంది. ట్రైలర్ లైట్ల వైర్లు నేరుగా కలిపేస్తే దాని మీద అదనపు లోడు పడుతుంది. కరెంటు ఫ్యూజుతో బ్యాటరీ నుంచే తీసుకునే కన్వర్టర్ అనే చిన్న పెట్టె పెట్టించు. కరెంటు తిరిగి బండి ఇనుములోకి వెళ్ళే గ్రౌండు వైరుని పెయింటు గీకిన వట్టి ఇనుముకే బిగించాలి. నాకు మొదట బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకబారేది. ఎక్కడెక్కడో వెతికాక తెలిసింది, గ్రౌండు వైరు పెయింటు మీదే బిగించి ఉందని.

సేఫ్టీ గొలుసులు రెండూ ట్రైలర్ కొన కింద అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి వచ్చేలా తగిలించు. పొరపాటున కొన బాల్ మీంచి ఊడినా నేలకి తగలకుండా వాటి మీద ఆగుతుంది. రివర్సు తీసేటప్పుడు స్టీరింగ్ అడుగు భాగం పట్టుకో, ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. ఖాళీ స్థలంలో ఒక గంట సాధన చేస్తే చాలు, వచ్చేస్తుంది.

సైకిల్ స్టాండ్ కూడా పెడతానన్నావు. దానికైతే హిచ్ స్టిక్కర్ మళ్ళీ చదవాలి, సైకిళ్ళ బరువు బాల్ కన్నా ఇంకా వెనక్కి వేలాడుతుంది కాబట్టి కొన్నిటికి అందులో తక్కువ బరువే రాసి ఉంటుంది.

ముందు నీ మాన్యువల్‌లో లాగే బరువు ఉన్న పేజీ, డ్రైవర్ డోర్ పక్కన ఉండే స్టిక్కర్ ఫొటోలు తీసి పంపు. అవి చూశాక ఏ హిచ్ తీసుకోవాలో కలిసి తేల్చుకుందాం. నువ్వు రోజు చెప్పు, టార్క్ రెంచ్ పట్టుకుని నేనే వస్తాను. తమ్ముడూ వస్తానంటున్నాడు.

నీ,
మూర్తి