ఓటీపీ గుంటూరులో, రైతు పత్తికొండలో

సంపాదకులకు నమస్కారం.

నాకు పత్తికొండలో చిన్న జిరాక్స్, రీచార్జి షాపు ఉంది. చేను పని మానుకుని, పాస్‌బుక్కూ ఆధార్ కార్డూ ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని రోజూ నా దగ్గరికి వచ్చే రైతులను చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. రైతుల కోసం, చిన్న వ్యాపారుల కోసం యాప్‌లు తయారుచేసేవాళ్లు, వాటిని తప్పనిసరి చేసే అధికారులు ఒక్కసారి దీన్ని చదవాలని నా కోరిక.

మొన్న సోమవారం దేవనకొండ వైపు నుంచి ఒక పెద్దాయన బస్సులో వచ్చాడు. ఏదో పథకానికి యాప్‌లో కేవైసీ, అంటే తాను ఫలానా అని ఆధార్‌తో రుజువు చేసుకునే పని, చేయించుకోవాలట. చేతిలో బటన్ల ఫోను, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. వేలిముద్ర పడలేదు. తుడిచి తుడిచి నాలుగుసార్లు పెట్టించాను, నలభై యాభై ఏళ్లు మట్టి పని చేసిన వేళ్ల మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? సరే ఓటీపీతో చేద్దామంటే ఆధార్‌కు ఎక్కించిన నంబరు కొడుకుది, ఆ కొడుకేమో సుగ్గికి పోయాడు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. కోతలో ఉన్న మనిషి ఫోన్ ఎత్తడు, ఎత్తి ఆ నంబర్లు వెతికి చదివేలోపు గడువు అయిపోయింది. మళ్లీ పంపించాం, మళ్లీ అంతే. మూడోసారి తర్వాత రేపు ప్రయత్నించమని వచ్చింది. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు, కవరు మడిచి లోపలి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ యాప్‌కు డబ్బులేమీ లేవు, ఉచితమే. కానీ రానూపోనూ బస్సు చార్జీ, నాకిచ్చే డబ్బు, పోయిన ఒక రోజు కూలి కలిపి చూస్తే ఉచితం ఎక్కడుంది? చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు కూడా నెలనెలా డేటా వేయించుకోవడం తప్పదు, అది కాక తన ఆధారూ బ్యాంకు నంబరూ ఇంకొకరి చేతిలో పెట్టి ఏమవుతుందోనని టెన్షన్‌తో కూర్చోవడం ఉంటుంది. నా షాపుకు సగం గిరాకీ ఇలాంటి పనుల మీదే వస్తుంది, అయినా చెబుతున్నాను, ఇది రైతు జేబులోంచి పోవాల్సిన డబ్బు కాదు.

రైతు చేతిలో ఉన్న ఫోనుతోనే పని జరిపించడం చేతకాని విషయమేమీ కాదు. ఆ పెద్దాయన వచ్చిన దేవనకొండ మండలంలోనే 2016లో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు విత్తనం ఎప్పుడు వేయాలో తెలుగులో మెసేజ్ పంపాయి. జూన్ మొదట్లోనే తొందరపడొద్దు, నెలాఖరు దాకా ఆగండి అని చెప్పాయి. విన్నవాళ్లకు దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది. రైతు కొత్తగా కొన్నది ఏమీ లేదు, మెసేజ్ వచ్చే మామూలు ఫోను ఉంటే చాలు. లెక్కలు, వాతావరణం, కంప్యూటర్లు అన్నీ వాళ్ల వైపు ఉన్నాయి, రైతు వైపు ఒక్క మాటే వచ్చింది. అంతకు ముందే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2004లో ఈ-సాగు మొదలుపెట్టారు. వరంగల్ దగ్గర పత్తి చేలకు ఊరి మనిషే వెళ్లి ఫొటోలు తీసి పంపితే నిపుణులు చూసి సలహా రాసి పంపేవారు. అప్పుడు రైతు చేతిలో ఏ మెషీనూ లేదు.

వ్యాపారుల సంగతికొస్తే, నా షాపు పక్కన దోసెల బండి పెట్టుకున్న అక్క ఉంది, చదువు ఐదో తరగతితో ఆగింది. డబ్బు పడితే తెలుగులో బయటికి చెప్పే డబ్బా ఆమెకు అచ్చొచ్చింది. చేతులు పిండిలో ఉన్నా, ఎదురుగా పది మంది నిలబడి ఉన్నా, ఎంత వచ్చిందో చెవిన పడుతుంది, ఫోను తీసి చూసే పని లేదు. దాని సిమ్ము దాంట్లోనే ఉంటుంది. నెలనెలా కోసే అద్దె మాత్రం ఆమెకు బరువే, అది తగ్గాలి. ఆమెకే అప్పు పద్దులు రాసుకునే యాప్ ఒకటి ఎవరో వేసిచ్చారు, వారం తిరక్కముందే మళ్లీ నోటుబుక్కు పట్టింది. దోసె తిప్పుతూ ఎవరికి ఎన్ని ప్లేట్లో టైప్ చేయడం ఎవరి వల్ల అవుతుంది? నోటితో చెబితే రాసుకునేదైతే ఆమె ఈ రోజే వాడుతుంది.

ఇంకొకటి, యాప్‌లలో వాడే తెలుగు. ‘లబ్ధిదారుని ధ్రువీకరణ విఫలమైనది’ అని వస్తే ఏం చేయాలో రైతుకు ఎలా తెలుస్తుంది? ‘వేలిముద్ర పడలేదు, ఇంకో వేలు పెట్టండి’ అని రాయడానికి అదనంగా పైసా ఖర్చు కాదు.

కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి ఉంది, 1800 180 1551కి చేస్తే తెలుగులో మాట్లాడతారు. బటన్ ఫోన్ల కోసం, ఇంటర్నెట్ లేకుండా డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు 2022లో యూపీఐ 123పే తెచ్చింది. నా షాపుకు వచ్చేవాళ్లలో దాని పేరు విన్నవాళ్లు ఇప్పటిదాకా నాకు తగల్లేదు. అంటే దారి వేశారు గానీ ఊళ్లోకి వచ్చి చూపించినవాళ్లు లేరు.

నేను అడిగేది ఇదే. రైతుకు తప్పనిసరి చేసే ఏ పనైనా బటన్ ఫోన్ నుంచి కాల్ చేసి పూర్తి చేసుకునే వీలుండాలి, అది లేనంతవరకు తప్పనిసరి చేయకండి. ఓటీపీకి ఇంకొంచెం గడువు ఇవ్వండి, ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా చేర్చుకోనివ్వండి. సిగ్నల్ లేని చేలో నమోదు చేసింది ఊళ్లోకి వచ్చాక తనంతట తానే వెళ్లిపోవాలి. టమాటా రైతుకైతే, కాయ తెంపే ముందు రోజు సాయంత్రం మార్కెట్ రేటు చెప్పే ఒక్క కాల్ వస్తే చాలు. రేటు లేదని మా మార్కెట్ దగ్గర రోడ్డు పక్కన గంపలు గుమ్మరించి పోయినవాళ్లను నేను చూశాను. వాళ్లకు ముందే తెలిసి ఉంటే కనీసం తెంపిన కూలీ, ఆటో బాడుగ మిగిలేవి.

తయారుచేసేవాళ్లు ఆఫీసులో కూర్చుని సరిచూసుకుంటే సరిపోదు, టమాటా సీజన్లో ఒక పొద్దున మా మార్కెట్‌కు వచ్చి, యాభై దాటిన నలుగురి చేతికి మీ యాప్ ఇచ్చి పక్కన నిలబడండి, మీరేమీ చెప్పకుండా. నా షాపులో కుర్చీ వేస్తాను, కరెంటూ వైఫై నావి.

ఆ పెద్దాయన పని ఇంకా కాలేదు. కూలీలు అన్నానికి కూర్చునే వేళ కొడుకు ఫోన్ ఎత్తుతాడట, రేపు పన్నెండు గంటలకల్లా మళ్లీ వస్తానని కబురు పంపాడు.

– ఒక జిరాక్స్ షాపు యజమాని,
పత్తికొండ, కర్నూలు జిల్లా