యూనియన్ అంటే మెమరీ మిగల్చడం ఒక్కటే కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ స్టూడెంట్ పేజీలో వస్తున్న సీ ప్రోగ్రామింగ్ పాఠాలు నేను మొదట్నించీ చదువుతున్నాను, నేను క్లాసులో చెప్పేది కూడా ఈ సబ్జెక్టే. పాయింటర్ల పాఠం అయితే చాలా బాగా వచ్చింది. కానీ యూనియన్ల పాఠం చూశాక రాయకుండా ఉండలేకపోయాను. స్ట్రక్చర్, యూనియన్ రెండూ కొన్ని విలువల్ని (మెంబర్లని) ఒక పేరు కింద పెట్టేవే, స్ట్రక్చర్‌లో ఒక్కో మెంబర్‌కి వేరే చోటు, యూనియన్‌లో అన్నిటికీ ఒకటే చోటు, అందుకని మెమరీ మిగులుతుంది, అని ఒక టేబుల్ వేసి అక్కడితో ఆపేశారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకి అది సరిపోతుందేమో గానీ అది చదివి ఏ స్టూడెంటూ ఒక్క యూనియన్ కూడా సరిగ్గా వాడలేడు.

ఎందుకంటే ఆ చోట్లో ఇప్పుడు ఏ మెంబర్ ఉందో సీ గుర్తుపెట్టుకోదు, ఆ బాధ్యత పూర్తిగా ప్రోగ్రాం రాసేవాళ్ళదే, ఈ ఒక్క ముక్క మీ పాఠంలో ఎక్కడా లేదు. అందుకే యూనియన్‌ని మామూలుగా ఒంటరిగా వాడరు, ఒక స్ట్రక్చర్ తీసుకుని అందులో ముందు ఈనమ్‌తో (పేర్లు పెట్టిన నంబర్ల జాబితాతో) ఒక ట్యాగ్, అంటే ఇప్పుడు ఏ మెంబర్ ఉందో చెప్పే గుర్తు, పెట్టి దాని పక్కన యూనియన్ పెడతారు. ఒక విలువ ఇంట్ (పూర్ణసంఖ్య) అయినా కావచ్చు, డబుల్ (దశాంశ సంఖ్య) అయినా కావచ్చు, స్ట్రింగ్ పాయింటర్ (అక్షరాలు ఉన్న చోటు అడ్రస్) అయినా కావచ్చు అనుకోండి, విలువ వేసిన ప్రతిసారీ ట్యాగ్ కూడా మార్చాలి, చదివేటప్పుడు ముందు ట్యాగ్ మీద స్విచ్ రాసుకుని దాన్ని బట్టి సరైన మెంబర్ తీయాలి. ఇంట్‌లో 42 వేసి ట్యాగ్ చూడకుండా పాయింటర్ చదివారనుకోండి, ఆ బైట్లనే అడ్రస్ అనుకుని ప్రోగ్రాం అక్కడికి పోతుంది, వెంటనే క్రాష్ అయితే అదృష్టమే, లేదంటే తప్పు ఇంకెక్కడో తేలుతుంది, అప్పుడు వెతకడం మహా కష్టం. కంపైలర్ మాత్రం ఒక్క మాట కూడా అనదు. సీ11 (2011 నాటి సీ స్టాండర్డ్) వచ్చాక స్ట్రక్చర్ లోపలి యూనియన్‌కి పేరు కూడా అక్కర్లేదు, మెంబర్‌ని నేరుగా పిలవచ్చు, కాబట్టి ఇలా రాయడం పెద్ద పని కూడా కాదు.

మెమరీ లెక్క కూడా అంత సింపుల్‌గా లేదండీ. అన్నిటికన్నా పెద్ద మెంబర్ సైజే యూనియన్ సైజు అని వేశారు, కానీ 5 అక్షరాల క్యారెక్టర్ అర్రే, 4 బైట్ల ఇంట్ పెట్టి సైజాఫ్‌తో ఎన్ని బైట్లో అడిగితే మామూలు మెషీన్ల మీద 5 రాదు, 8 వస్తుంది, ఇంట్ అలైన్‌మెంట్ కోసం, అంటే ఇంట్ 4తో భాగించబడే అడ్రస్‌లోనే ఉండేలా, చివర్లో 3 బైట్లు కలుస్తాయి. పైన చెప్పిన ట్యాగ్ ఉన్న స్ట్రక్చర్ 64 బిట్ మెషీన్‌లో మామూలుగా 16 బైట్లు, యూనియన్ లేకుండా మూడూ విడివిడిగా పెడితే 24. అంటే ఒకదానికి మిగిలేది 8 బైట్లే, అలాంటివి లక్షల్లో ఉంటేనే అది లెక్కలోకి వస్తుంది.

నాకు ఎక్కువ బాధ అనిపించింది మాత్రం ఆ చివరి ప్రోగ్రాం. యూనియన్‌లోని ఫ్లోట్‌లో (4 బైట్ల దశాంశ సంఖ్య) విలువ వేసి ఇంట్ ప్రింట్ చేసి, వచ్చిన నంబర్‌ని గార్బేజ్ (అర్థం లేని చెత్త) అని రాశారు. అది గార్బేజ్ కానే కాదు. ఫ్లోట్‌లో 1.0 వేసి ఇంట్ చదివితే ఇప్పటి మామూలు కంప్యూటర్లలో ఎన్నిసార్లు రన్ చేసినా 1065353216 వస్తుంది, అది 127 ఇంటూ 2 పవర్ 23 (8388608). ఆ 127 ఫ్లోట్‌లో ఎక్స్‌పోనెంట్‌కి (2 పవర్ ఎంత అని చెప్పే భాగానికి) కలిపే బయాస్ అనే స్థిర సంఖ్య, కింద 23 బిట్లు ఫ్రాక్షన్‌వి, అవన్నీ సున్నాలు. 2.0 వేస్తే ఎక్స్‌పోనెంట్ ఒకటి పెరిగి 1073741824 అవుతుంది. ఫ్లోట్ లోపల ఎలా ఉంటుందో పిల్లలకి కళ్ళారా చూపించే అవకాశం ఇది, దాన్ని గార్బేజ్ అని కొట్టేస్తే ఎలా. ఇలా ఒక మెంబర్ వేసి ఇంకోటి చదవడాన్ని సీ ఒప్పుకుంటుంది, 2007లో సీ99కి (1999 నాటి సీ స్టాండర్డ్‌కి) ఇచ్చిన సవరణలో ఫుట్‌నోట్ పెట్టి మరీ స్పష్టం చేశారు, సీ ప్లస్ ప్లస్‌లో మాత్రం ఇది అన్‌డిఫైన్డ్ (ఏం జరుగుతుందో భాష హామీ ఇవ్వదు), అక్కడ బైట్లని కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్ వాడాలి. చాలామంది పిల్లలు సీ ప్రోగ్రాంని సీ ప్లస్ ప్లస్ కంపైలర్‌లోనే రన్ చేస్తారు కాబట్టి ఈ తేడా తప్పకుండా వేయాలి.

నిజమైన కోడ్‌లోంచి ఒక ఉదాహరణ ఇస్తే ఇంకా బాగుంటుంది. లినక్స్‌లో ఎపోల్ (చాలా ఫైళ్ళు, కనెక్షన్లలో ఏది సిద్ధంగా ఉందో చెప్పే సౌకర్యం) వాడేటప్పుడు మనం ఇచ్చే డేటా యూనియనే, అందులో పాయింటర్ పెట్టొచ్చు, ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి ఇచ్చే నంబర్) పెట్టొచ్చు, 32 లేదా 64 బిట్ల నంబర్ పెట్టొచ్చు, కెర్నెల్ (లినక్స్ మూల భాగం) దాని అర్థం జోలికి పోకుండా ఈవెంట్‌తో పాటు అలాగే తిరిగి ఇస్తుంది. ఏం పెట్టామో మనకి తెలుసు కాబట్టి అక్కడ ట్యాగ్ లేకపోయినా నడుస్తుంది.

వచ్చే వారం పాఠంలో దయచేసి ట్యాగ్‌తో ఉన్న పూర్తి ప్రోగ్రాం ఒకటి వేయండి, గార్బేజ్ అన్న మాటకి సవరణ కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, సీ చెప్పే ఒక లెక్చరర్