పెట్టె మీద రాయండి, ఏ వీడియోలు పడతాయో

సంపాదకులు గారికి నమస్కారం.

1992 నుంచి 2019 వరకు విజయవాడ గవర్నర్‌పేటలో స్టూడియో పెట్టుకుని పెళ్లిళ్లకు, ఓణీల ఫంక్షన్లకు, గృహప్రవేశాలకు వీడియోలు తీశాను. ఇప్పుడు స్టూడియో లేదు. దాంట్లోని రెండు కంప్యూటర్ సిస్టమ్‌లు, ఒక వీసీఆర్, ఒక మినీ డీవీ కెమెరా, నాలుగు అట్టపెట్టెల టేపులు మొగల్రాజపురంలో మా మేడమీద గదిలో ఉన్నాయి. ఆ టీవీలో ఏ వీడియోలు పడతాయో, ఏవి పడవో కొనేవాళ్లకు కొట్లో ఎవరూ చెప్పడం లేదు. దానివల్ల ఇళ్లల్లో జనం ఎంత అవస్థ పడుతున్నారో కళ్లారా చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ఇళ్లల్లోకి వచ్చాయి. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కోవడం అయిందో లేదో, జనం బీరువాల అడుగు అరల్లో దొరికిన క్యాసెట్లు, సీడీలు సంచుల్లో వేసుకుని పాత వీడియోవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టారు. నా దగ్గరికే ముప్పై కుటుంబాల దాకా వచ్చాయి. క్యాసెట్టు రేకు ఎత్తితే టేపు చుట్టల మధ్య బురద గట్టిపడి ఉండేది. సీడీ మీద అంటించిన పేర్ల కాగితం లాగితే దానితోపాటు వెండి పూత కూడా ఊడి వచ్చేది. పూత పోతే అందులో ఇక చదవడానికి ఏమీ ఉండదు. ఆ మాట చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

వచ్చినవాళ్లలో పాయకాపురం నుంచి ఒక పెద్దావిడ ఉన్నారు. 2003లో వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి నేనే తీశాను. ఆ రోజుల్లో చాలామంది మిక్సింగ్ అయ్యాక టేపు తుడిచి వేరే పెళ్లికి వాడుకునేవాళ్లు. నాకు ఆ అలవాటు లేదు. ఆవిడ చేతిలోని సీడీలు పనికిరాకుండా పోయినా, అసలు టేపులు మూడూ మా అట్టపెట్టెలో భద్రంగా దొరికాయి. ఆవిడ భర్త పోయి పన్నెండేళ్లయింది. ఆయన గొంతు ఈ మూడు టేపుల్లో తప్ప ఇంకెక్కడా లేదట.

టేపులోది సిస్టమ్‌లోకి ఎక్కించాలంటే కెమెరాకు ఫైర్‌వైర్ కేబుల్ తగిలించి టేపు మొత్తం ఆడించాలి. గంట టేపుకి గంట పడుతుంది, తొందరపెట్టడం కుదరదు. గంటకు 13 జీబీ లెక్కన ముగ్గురన్నదమ్ముల్లాంటి మూడు పెద్ద ఫైళ్లు తయారయ్యాయి. "పెన్ డ్రైవులో వేసివ్వు అబ్బాయ్, మనవడు టీవీకి పెడతాడు" అన్నారావిడ. తీరా కాపీ కొడితే ఎక్కలేదు. పెన్ డ్రైవులు చాలావాటికి ఉండే ఫ్యాట్32 అనే అమరికలో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ముక్కలు చేసి ఇచ్చి పంపాను.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్. "అబ్బాయ్, పేర్లు కనపడుతున్నాయి. నొక్కితే ఇంగ్లీషులో ఏదో రాస్తోంది. బొమ్మ పడట్లేదు."

వరదలో పాత టీవీ పోతే వాయిదాల మీద కొత్తగా తెచ్చుకున్న 43 అంగుళాల టీవీ అది. మర్నాడు మనవడు కొన్న కొట్టుకి వెళ్లి అడిగాడు. మీ వీడియోనే పాతదైపోయింది, యూట్యూబ్‌లో పెట్టుకుని చూసుకోండి అని చెప్పి పంపేశారట. నాకు బాధేసింది. వీడియో పాతదైతే చెడిపోయినట్టు కాదు. పైగా ఇంటి ఆడపిల్ల పెళ్లిని ఊరందరూ చూసే చోట ఎందుకు పెట్టాలి? ఎవరికీ కనపడకుండా పెట్టుకునే వీలుంది, నిజమే. కానీ 40 జీబీ ఎక్కించి, మళ్లీ నెట్ మీద దింపుకుని, పక్క గదిలో ఉన్నదాన్ని ఈ గదిలో చూడాలా?

అసలు సంగతి ఇది. ఫైలు పేరు చివర కనపడే ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ అన్నవి పై డబ్బా పేర్లు. లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించారు, సౌండ్‌ని ఏ పద్ధతిలో కుదించారు అన్నవి వేరే సంగతులు. జాడీ ఒకటే అయినా లోపల ఆవకాయ ఉందో మాగాయ ఉందో మూత తీస్తేనే కదా తెలిసేది! టీవీకి ఆ పద్ధతి వస్తే బొమ్మ పడుతుంది, రాకపోతే పడదు. మా మినీ డీవీ టేపుల్లో ఉండేది డీవీ అనే పద్ధతి, ఆవిడ టీవీకి అది రాదు. ఇంకొకరింట్లో బొమ్మ వస్తుంది, మాట రాదు. అక్కడ సౌండ్ డీటీఎస్ అనే పద్ధతిలో ఉండి ఉంటుంది. దానికి టీవీ తయారుచేసేవాళ్లు లైసెన్సు తీసుకోవాలి, తీసుకోకపోతే ఆ టీవీ మూగదే. జనం అది తెలియక స్పీకర్లు పోయాయనుకుని మెకానిక్కుని పిలుస్తున్నారు.

ఆదివారం నేనే పాయకాపురం వెళ్లాను. మేడమీద ఉండబట్టి మనవడి సిస్టమ్ వరదలో బతికింది. వైఫై రౌటర్ ఉంది. అంతకంటే ఇంకేం కావాలి? సిస్టమ్‌లో ఉన్న వీడియోని అక్కడే ఉంచి రౌటర్ మీదుగా టీవీకి పంపవచ్చు. పెన్ డ్రైవు అక్కర్లేదు, 4 జీబీ గొడవ లేదు. చాలామంది భయపడేది నెట్ ఖర్చవుతుందని. అవదు. వీడియో ఇంటి గడప దాటదు, రౌటర్ దాకా వెళ్లి తిరిగి టీవీకి వస్తుంది. నెట్ కట్టయిన రోజున కూడా రౌటర్‌కి కరెంటుంటే చాలు, సినిమా నడుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఇళ్లల్లో హార్డ్ డిస్కులు అలా పడి ఉన్నాయో!

ఇదేమీ కొత్త విద్య కాదు. ట్రాఫిక్ కోన్ బొమ్మతో మన సిస్టమ్‌లన్నిట్లో కనపడే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ పుట్టిందే ఇందుకు. 1996లో పారిస్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు తమ క్యాంపస్ నెట్‌వర్క్ మీద వీడియో పంపుకోవడానికి మొదలుపెట్టిన పని అది. 2001లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఇంట్లో కంప్యూటర్, టీవీ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి సోనీ, ఇంటెల్ వంటి కంపెనీలు కలిసి డీఎల్‌ఎన్‌ఏ అన్న ఏర్పాటు మొదలుపెట్టింది 2003లో, అంటే ఆవిడ కూతురి పెళ్లి జరిగిన ఏడే. విండోస్‌లో మీడియా స్ట్రీమింగ్ అనే చోట అనుమతిస్తే టీవీ సోర్సుల జాబితాలో సిస్టమ్ పేరు వచ్చేస్తుంది. మా పని కూడా అక్కడిదాకా పది నిమిషాల్లో అయింది. ఫోల్డర్ కనపడింది, మూడు ఫైళ్లూ కనపడ్డాయి. నొక్కితే మళ్లీ అదే ఇంగ్లీషు మాట. ఎందుకంటే దారి వేసినంత మాత్రాన టీవీకి రాని పద్ధతి వచ్చేయదు.

ఇక మార్చడమే మార్గం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను హెచ్.264లోకి, సౌండ్‌ని ఏఏసీలోకి మార్చి ఎంపీ4 డబ్బాలో పెట్టాను. ఈ మూడూ కలిసిన ఫైలు పడని స్మార్ట్ టీవీ నాకు ఇంతవరకు తగల్లేదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి, నా తోటి వీడియోవాళ్లు కూడా మరిచిపోతున్నారు. ఆనాటి కెమెరా ఒక బొమ్మను రెండు విడతలుగా పట్టేది, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఇంకోసారి. పాత డబ్బా టీవీ కూడా అలాగే గీసేది కాబట్టి తేడా తెలిసేది కాదు. ఆ రెంటినీ అలాగే కలిపేసి మారిస్తే కొత్త టీవీలో కదిలే వస్తువు అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. తలంబ్రాలు పోసుకునే చోట చూడండి, చేతులన్నీ గీతలే. మార్చేటప్పుడు డీఇంటర్లేస్ అన్నదాన్ని పెట్టుకుంటే అది పోతుంది. అసలు టేపు చేతిలో ఉన్నప్పుడే సరిగ్గా చేయాలి, తర్వాత దిద్దడం కష్టం.

రాత్రి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి మూడూ అయ్యాయి. 13 జీబీ ఫైలు ఒకటిన్నర జీబీకి వచ్చింది, బొమ్మలో తేడా నా కంటికే దొరకలేదు. మార్చకముందు ఫైలుకి సెకనుకు 3.6 మెగాబైట్లు అందాలి. రెండు గోడలు దాటి వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, అందులోనూ చుట్టుపక్కల అందరి రౌటర్లూ అదే దారిలో ఉన్నప్పుడు, అంత బరువు మోయలేదు. ఇప్పుడు ఆ బెంగ లేదు. టీవీ, రౌటర్ దూరమైతే ఒక ల్యాన్ వైరు లాగేస్తే ఇంకా మంచిది. ఫైలు మార్చే ఓపిక లేనివాళ్లకు జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే. టీవీకి రాని పద్ధతిని సిస్టమ్ అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. సిస్టమ్ కాస్త గట్టిదై ఉండాలి.

సోమవారం సాయంత్రం ఆవిడ కుర్చీ టీవీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు. కన్యాదానం దగ్గర ఏమీ అనలేదు. భోజనాల బంతి వచ్చింది. పంచె ఎగగట్టుకుని ఆయన వరసల మధ్య తిరుగుతూ "ఇటు వంకాయ కూర రాలేదయ్యా, ఇటు చూడండి" అంటున్నారు. "అదీ, అదీ ఆయన గొంతు" అన్నారావిడ. మనవడిని వెనక్కి జరపమన్నారు. ఆ ముక్క ఆరుసార్లు వేయించుకున్నారు. ఆయన పోయినప్పుడు ఆ పిల్లవాడికి మూడేళ్లు.

ఇప్పుడు నా విన్నపం. టీవీ అట్టపెట్టె మీద ధర ఉంటుంది, తయారైన నెల ఉంటుంది, కరెంటు ఆదా నక్షత్రాల స్టిక్కరు ఉంటుంది. ఏ వీడియో పద్ధతులు పడతాయో, ఏ సౌండ్ పడుతుందో మాత్రం ఉండదు. ఆ జాబితా ఎక్కడో టీవీ లోపలి మెనూలో, ఇంగ్లీషులో, డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాక కనపడుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కు కొనేవాడికి ఇచ్చింది. టీవీకి యూఎస్‌బీ రంధ్రం పెట్టి, దాంట్లో వీడియో చూసుకోవచ్చని చెప్పి అమ్ముతున్నప్పుడు ఏ వీడియోనో చెప్పడం ఆ ప్రమాణంలోకి రాదా? నాలుగు వరుసలు, తెలుగులో, పెట్టె మీద వేయమంటున్నాను. వినియోగదారుల సంఘాలవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. బీసెంట్ రోడ్డులో, ఏలూరు రోడ్డులో టీవీలు అమ్మే పిల్లలకు ఆ నాలుగు వరుసలు నేర్పితే చాలు. అడిగినవాళ్లను యూట్యూబ్‌కి పొమ్మనాల్సిన అవసరం ఉండదు.

తెలుగు అక్షరాల సంగతి కూడా చెప్పాలి. ఆవిడ కోసం ఫైళ్లకు కన్యాదానం, భోజనాలు, అప్పగింతలు అని తెలుగులో పేర్లు పెట్టాను. టీవీ మీద వరసగా ఖాళీ డబ్బాలు కనపడ్డాయి. చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో రాయాల్సి వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు కనక ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, ఏ అంకెలో ఏముందో కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించాను. తెలుగువాళ్ల ఊళ్లో అమ్మే టీవీలో తెలుగు ఫాంటు ఒకటి ఉంచడం తయారీదారులకు పెద్ద పనా?

మా వృత్తివాళ్లకు కూడా ఒక మాట. 2012 తర్వాత నేను హెచ్‌డీ కెమెరాలో వచ్చిన ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు హార్డ్ డిస్కులో వేసి ఇచ్చేశాను. వాళ్ల ఇంటి టీవీలో పడుతుందా లేదా అని ఒక్కరినీ అడగలేదు. అది నా తప్పే. ఇప్పుడు తీసేవాళ్లు అసలు ఫైళ్లతోపాటు టీవీలో పడే ఎంపీ4 కాపీ కూడా ఇచ్చి, కస్టమర్ ఇంట్లో ఒకసారి వేసి చూపించిన తర్వాతే మిగతా డబ్బు తీసుకోండి.

2001 నుంచి 2009 దాకా నేను తీసిన టేపులు ఇంకా నూట నలభై ఉన్నాయి. కెమెరా పనిచేస్తోంది, దాంట్లో టేపు చదివే హెడ్ ఎంతకాలం ఉంటుందో చెప్పలేను. ఆ రోజుల్లో నాచేత తీయించుకున్నవాళ్లు ఈ ఉత్తరం చదివితే రండి. రశీదు లేకపోయినా పర్వాలేదు, పెళ్లి తేదీ, కల్యాణ మండపం పేరు చెబితే వెతికి ఎక్కించి ఇస్తాను. డబ్బు వద్దు, హార్డ్ డిస్కు మీరే తెచ్చుకోండి. వచ్చేముందు మీ టీవీ మోడల్ నంబరు రాసుకురండి.

ఇట్లు,
ఒక పాత పెళ్లి వీడియోగ్రాఫర్,
మొగల్రాజపురం, విజయవాడ.