మీ ఫోర్త్ గ్రేడ్ టీచర్ గారి గురించి

చిన్నీ,

నిన్న ఫోన్లో "అంత తెలివైన మనిషి ఆ మిసిసిపీ డెల్టాలో పడి వేస్ట్ అయిపోయింది కదమ్మా" అన్నావు చూడు, ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. ఫోన్లో చెప్దామంటే మధ్యలో మీటింగ్ అంటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా, పొడుగైందని విసుక్కోకు.

నువ్వు ఆవిడని క్లాసులోనే చూశావు, వాళ్ళ కొట్టు సంగతి నీకు తెలీదు. వాళ్ళ నాన్న చైనాలో గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చాడు. 1882 నుంచి 1943 దాకా చైనా కూలీలు అమెరికా రాకూడదని చట్టం ఉండేది కదా, అయితే 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చి ఆ మంటల్లో రికార్డులన్నీ కాలిపోయేసరికి అక్కడున్న చైనావాళ్ళు చాలామంది మేం ఇక్కడే పుట్టాం అని రాయించుకుని, చైనాలో మాకు కొడుకులున్నారని చెప్పి ఆ కాగితాలు అమ్ముకునేవాళ్ళట. ఈయన అలా ఎవరికో కాగితం మీద కొడుకై వచ్చాడు. ఇమిగ్రేషన్ వాళ్ళు మీ ఊళ్ళో బావి ఎటువైపు, మీ ఇంటికి మెట్లెన్ని అని అడుగుతారని ఓడలో అంతా బట్టీ పట్టేవాళ్ళు. మనం హెచ్‌వన్‌బీ స్టాంపింగ్‌కే అంత ఏడుస్తాం! అందుకే టీచర్ గారి ఇంటిపేరు నిజానికి వాళ్ళది కాదు. గ్రీన్‌విల్ చైనీస్ శ్మశానంలో వాళ్ళ నాన్న సమాధి రాయి నాకు చూపించింది, ఇంగ్లీషులో ఒక ఇంటిపేరు, చైనా అక్షరాల్లో ఇంకో ఇంటిపేరు.

ఇక్కడ డెల్టాలో పత్తి చేలల్లో పనికని చైనావాళ్ళని మొదట 1870 ప్రాంతంలో తెచ్చారు, వాళ్ళు ఆ పని ఎక్కువ రోజులు చెయ్యలేదు, కిరాణా కొట్లు పెట్టుకున్నారు. నల్లవాళ్ళ పేటల్లోనే ముందు కొట్టు, వెనక రెండు గదుల్లో సంసారం. ఇంగ్లీషు రాని రోజుల్లో కౌంటర్ మీద ఓ కర్ర పెట్టేవాళ్ళట, కొనేవాళ్ళు ఆ కర్రతో ఏం కావాలో చూపించాలి. ఈవిడ 1948లో ఆ వెనక గదిలోనే పుట్టింది. ఎనిమిదేళ్ళకి కోకాకోలా పెట్టె మీద నిలబడి డబ్బులు లెక్కపెట్టేది, శనివారం రాత్రి అయితే కూలి డబ్బులతో జనం వచ్చిపడేవాళ్ళు, ఊపిరాడేది కాదట. లెక్కలన్నీ సరుకులిచ్చే బ్రౌన్ పేపర్ బ్యాగు మీదే. నీతో కూడా భాగాహారాలు ఆ బ్యాగుల మీదే చేయించేది గుర్తుందా, నోట్‌బుక్ కొనలేని పిల్లలు సిగ్గుపడకూడదని అందరికీ అదే రూలు.

బడి సంగతి వేరే కథ. మన దగ్గర్లో రోజ్‌డేల్ ఉంది కదా, 1924లో అక్కడ మార్తా లమ్ అని తొమ్మిదేళ్ళ పిల్లని నువ్వు తెల్లపిల్లవి కాదు, ఈ బడికి రావద్దని ఇంటికి పంపేశారు. వాళ్ళ నాన్న కేసు వేశాడు, కింది కోర్టులో గెలిచాడు, తర్వాత ఓడిపోయి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు, 1927లో జడ్జీలందరూ ఒక్క మాట మీద రాష్ట్రం చేసింది రైటే అన్నారు. (దానికి నాలుగేళ్ళ ముందే భగత్ సింగ్ థిండ్ కేసులో మన ఇండియావాళ్ళూ తెల్లవాళ్ళు కాదని తేల్చేశారులే.) టీచర్ గారు మాత్రం ఆ లమ్ కేసుని ఎప్పుడూ నెత్తిన పెట్టుకోలేదు. "లమ్ వాళ్ళు నల్లపిల్లలకి కూడా తలుపు తియ్యమనలేదు, తమ అమ్మాయిని మాత్రం వాళ్ళలో కలపొద్దన్నారు" అంటుంది మొహమాటం లేకుండా. వాళ్ళ కొట్టుకొచ్చేది నల్లవాళ్ళే, కడుపు నిండేది వాళ్ళ డబ్బుతోనే, అది ఆవిడ మర్చిపోదు.

వాళ్ళ పెద్దక్కకి తెల్లవాళ్ళ బళ్ళో చోటు లేకపోతే ఇక్కడి మిసిసిపీ క్లీవ్‌లాండ్‌లో బాప్టిస్టులు చైనా పిల్లలకని పెట్టిన మిషన్ స్కూల్‌కి వెళ్ళింది. యుద్ధం అయ్యాక మెల్లిగా రానిచ్చారు, అలా ఈవిడ 1954లో తెల్లపిల్లల బళ్ళో ఒకటో క్లాసులో చేరింది. నల్లపిల్లల్ని, తెల్లపిల్లల్ని వేరే బళ్ళలో పెట్టకూడదని సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు ఇచ్చిన సంవత్సరమే అది, అయినా ఇక్కడ ఏమీ కదల్లేదు. 1969 చివర్లో సుప్రీంకోర్టు ఇక ఒక్క రోజు కూడా ఆగడానికి లేదు అన్నాకే 1970లో బళ్ళు కలిశాయి. కలవగానే ఏమైంది, తెల్లవాళ్ళు పిల్లల్ని తీసుకుని కొత్తగా పెట్టిన ప్రైవేట్ అకాడమీలకి పోయారు. చైనా కుటుంబాలు కూడా చాలామంది ఫీజు కట్టి అక్కడికే పంపారు. సరిగ్గా ఆ సంవత్సరమే ఈవిడ డిగ్రీ చేతికొచ్చి పబ్లిక్ స్కూల్లో చేరింది. అకాడమీ వాళ్ళు కూడా పిలిచారట, వెళ్ళలేదు. కొట్టు వెనక గదుల్లో మగ్గి చదివించింది ఇందుకా అని వాళ్ళమ్మ ఎన్ని నెలలు మాట్లాడలేదో.

అలాగని ఆవిణ్ణి దేవతని చెయ్యకు, నాకు చిరాకు. కోపం ఎక్కువ, తన మాటే నెగ్గాలి, స్టాఫ్ రూమ్‌లో ఆవిడతో పడనివాళ్ళు సగం మంది. 1985లో జీతాల కోసం ఇక్కడి టీచర్లు సమ్మె చేసినప్పుడు ఈవిడ కూడా బయటికొచ్చి నిలబడింది, అది మాత్రం గర్వంగా చెప్పుకుంటుంది. తమ్ముడు హ్యూస్టన్‌లో ఫార్మసిస్టు, అక్క కాలిఫోర్నియాలో. కొట్టు ఎప్పుడో మూసేశారు, వాల్‌మార్ట్ వచ్చాక అలాంటి కొట్లు ఎన్ని మిగిలాయి గనక.

నువ్వడిగిందే నేనూ ఓసారి అడిగా, ఎందుకు ఉండిపోయారని. నవ్వి, "అప్పు పుస్తకంలో పేర్లున్న వాళ్ళ మనవలే నా క్లాసులో పేర్లు. పిల్లాడు రెండ్రోజులు రాకపోతే ఏ ఇంటికెళ్ళాలో నాకు తెలుసు, హ్యూస్టన్‌లో మా తమ్ముడికి పక్కింటాయన పేరు తెలీదు" అంది. ఇదేమన్నా త్యాగమా చిన్నీ? ఆవిడకి ఇక్కడ పెత్తనం ఉంది, పరపతి ఉంది, హాయిగా ఉంది. ఊరికే పెద్ద ఊరు పోతేనే తెలివి పనికొచ్చినట్టు అని మీకెవరు చెప్పారో.

నేను ఈ ఊరొచ్చిన కొత్తలో కాకరకాయకి మొహం వాచిపోయి ఉన్నా, ఆవిడ పెరట్లోంచి బుట్టెడు తెచ్చి ఇచ్చింది, కాస్త పాలిపోయి పొడుగ్గా ఉన్నాయి గానీ కాకరే. మీ నాన్న ఆ పూట పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు. బూడిద గుమ్మడి కూడా వేస్తుంది, వాళ్ళు సూప్ చేసుకుంటారట, నేను వడియాలు పెట్టి ఇస్తే వాటిని కూడా సూప్‌లోనే వేసింది!

మోకాలి ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని తిరుగుతోంది. నీ గురించి అడిగింది, ఏం ఉద్యోగం చేస్తోందని, నేను చెప్పింది ఆవిడకి సరిగ్గా అర్థం కాలేదు, నువ్వే చెప్పు. ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చెయ్యి, రాత్రి ఏడు దాటితే బేస్‌బాల్ చూస్తుంది, ఎత్తదు. థాంక్స్‌గివింగ్‌కి వచ్చేటప్పుడు అట్లాంటాలో మన ఇండియన్ కొట్టు పటేల్ బ్రదర్స్‌లో రెండు ప్యాకెట్లు కాకర విత్తనాలు దొరుకుతాయేమో చూడు, మనవి ఆ చిన్న ముళ్ళ రకం కావాలట ఆవిడకి.

అమ్మ