శీనూ, ఆ యాప్ సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. చిన్నోడికి రెండేళ్ళు దాటాయనీ, డైపర్ మాన్పించడానికి ఫోన్లో ఏదైనా యాప్ వేసుకుందామని చెల్లెమ్మ అంటోందనీ రాశావు. "నువ్వు వాడావు కదా, పనికొస్తుందా?" అని ఒక్క ముక్కలో అడిగేశావు. జవాబు ఒక్క ముక్కలో రాదురా. మా బుజ్జిదానితో నాలుగు నెలలు పట్టింది. తీరిగ్గా కూర్చుని చదువు.

మేం వేసుకున్న యాప్‌లో అలారం ఉంది, వెళ్ళినప్పుడల్లా ఇచ్చే నక్షత్రాలున్నాయి, ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే పట్టిక ఉంది. నేను మొదట అలారం మీదే పడ్డాను. నలభై నిమిషాలకోసారి పెట్టాను. రెండు రోజులు ఆ పాట వినగానే నవ్వుతూ పరిగెత్తింది. మూడో రోజు బొమ్మలు పేర్చుకుంటుంటే మోగింది. ఎత్తుకోబోతే ఒళ్ళు బిగదీసుకుని ఒకటే ఏడుపు. వారం తిరిగేసరికి ఆ పాట మొదలైతే చాలు, వెళ్ళి కర్టెన్ వెనక దాక్కునేది. ఆ రోజే తీసేశాను. ఒంటికి వస్తోందని దాని ఒంటికే తెలియాలి కదా! తెలిసేలోపే నేను తీసుకెళ్ళి కూర్చోబెడుతుంటే ఇక దానికి తెలిసేదెప్పుడు?

పట్టిక మాత్రం బంగారంరా. మీ చెల్లెలు ఓపిగ్గా అన్నీ ఎక్కించింది. ఒంటికి ఎప్పుడు, రెంటికి ఎప్పుడు, తడిసిందా, పొడిగా ఉందా అని. పది రోజులయ్యాక చూస్తే, పొద్దున తిన్న అరగంటలోపే దాదాపు రోజూ రెంటికి వెళ్తోంది. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి పొడిగానే ఉంటోంది. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుందని, అందుకే తిన్నాక కూర్చోబెట్టడం మంచిదని డాక్టరుగారు చెప్పారు. అప్పటినుంచి ఆ రెండు వేళల్లోనే అడిగేవాళ్ళం. మిగతా రోజంతా దాని ఆట దానిది.

ఇంకో మాట కూడా అన్నారాయన. 1962లోనే బ్రేజల్టన్ అనే అమెరికా డాక్టరు 1,170 మంది పిల్లల వివరాలు చూసి, బిడ్డ సిద్ధమయ్యాకే మొదలుపెట్టాలని రాశాడట. మీవాడు రెండు గంటలపాటు పొడిగా ఉంటున్నాడా? నిక్కరు కిందికి లాక్కోగలడా? తడిసిందని సైగైనా చేస్తున్నాడా? ఇవి ముందు చూసుకో. ఏడాదిన్నరకు సిద్ధమయ్యేవాళ్ళుంటారు, మూడేళ్ళు దాటాక సిద్ధమయ్యేవాళ్ళూ ఉంటారు. పక్కింటి పిల్లాడితో పోల్చకు.

ఇప్పుడొకటి చెప్పాలి, తల్చుకుంటే ఇప్పటికీ మనసు బాధగానే ఉంటుంది. రెండో నెలలో మూడు రోజులు వరసగా రెంటికి గడి ఖాళీగా ఉంది. మొండికేస్తోందనుకున్నాను. "వచ్చేదాకా లేవకూడదు" అని గొంతు పెంచాను కూడా. అది కాళ్ళు రెండూ దగ్గరికి బిగించి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. అసలు సంగతేమిటంటే, విరేచనం గట్టిపడి ఒకసారి నొప్పి పెట్టింది. ఆ భయానికి ఆపుకుంటోంది. ఆపుకున్నకొద్దీ ఇంకా గట్టిపడుతోంది. డాక్టరుగారు మెత్తబడే మందిచ్చి, కొన్ని వారాలపాటు ఈ ప్రయత్నమే ఆపేయమన్నారు. కాళ్ళు గాలిలో వేలాడకుండా పాదాల కింద చిన్న పీట వెయ్యమన్నారు. పీట వేశాక తేడా నా కళ్ళతో చూశాను. ఆ పట్టికే లేకపోతే మూడు రోజులైందన్న సంగతి కూడా నాకు తట్టేది కాదు. మీవాడి గడి అలా ఖాళీగా కనిపిస్తే కోప్పడకురా, డాక్టరుకు చూపించు.

నక్షత్రాలు కొన్నాళ్ళు పనిచేశాయి. కాకపోతే తడిపినప్పుడు ఏడుపు మొహం బొమ్మ ఒకటి వచ్చేది. అది చూసి పిల్ల మొహం కూడా అలాగే అయిపోయేది. సెట్టింగుల్లోకి వెళ్ళి దాన్ని ఆపేశాను, నువ్వు మొదటిరోజే ఆపెయ్. కార్టూన్లు కూడా వద్దు. ఫోన్ చేతిలో ఉంటే కుర్చీ మీద ఇరవై నిమిషాలైనా కూర్చుంటుంది, ఎందుకు కూర్చుందో దానికే గుర్తుండదు. రెండేళ్ళ పిల్లలకు రోజు మొత్తమ్మీద గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఆ గంటను బాత్‌రూంలో ఖర్చుపెట్టడం దేనికి? ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, రాకపోతే లేపెయ్.

అన్నట్టు, ఆ యాప్ బిడ్డ పేరు, పుట్టినరోజు, ఫోటో అన్నీ అడుగుతుంది. నేనేవీ ఇవ్వలేదు, "పాప" అని మాత్రం రాశాను. లొకేషన్ కూడా ఆపేశాను. పసిబిడ్డ ఒంటి సంగతులు ఎవరి కంప్యూటర్లోనో పడి ఉండటం నాకిష్టం లేదు.

రాత్రిళ్ళ గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకు. పగలు నేర్చుకున్నాక కూడా చాలామంది పిల్లలు పక్క తడుపుతూనే ఉంటారు, ఐదేళ్ళలోపు దాన్ని డాక్టర్లు జబ్బుగా చూడరు. మాది ఇప్పటికీ రాత్రి డైపరే.

మొన్న బొమ్మలు పేరుస్తూ పేరుస్తూ చటుక్కున ఆగి, "నాన్నా, సుస్సు వత్తోంది" అంది. ఫోన్ ఎక్కడో లోపలి గదిలో ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయిరా శీనూ. చెయ్యి పట్టుకుని ఇద్దరం పరిగెత్తాం.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. పది రోజులు పట్టిక రాయండి, వాడికి మాత్రం ఏమీ చెప్పకండి. తర్వాత ఆ పేజీ నాకు పంపు, కలిసి చూద్దాం.

నీ
గోపి