పద్మినికి పొట్టి టైర్లు వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత కార్ల ఫొటోలు వేశారు. అందులో ఒక ప్రీమియర్ పద్మినికి వెడల్పాటి పొట్టి టైర్లున్నాయి. ఆ తప్పు నేనూ చేశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా నాన్నగారి 1978 పద్మిని ఇప్పుడు నా దగ్గరుంది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు రాడ్డు, నాలుగే గేర్లు. కంపెనీ టైరు సైజు 5.20-14. రెండేళ్ల కిందట టైర్లు అరిగిపోతే, ఆ సైజు దొరకదని షాపులో 165/65 ఆర్14 వేశారు. అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, టైరు పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 14 అంగుళాలు. రిమ్ము అదే 14 అంగుళాలు కదా, తేడా ఏముంటుందిలే అనుకున్నాను. మొదట్లో సంతోషమే వేసింది, సిగ్నల్ దగ్గర బండి చటుక్కున అందుకునేది. తీరా శ్రీకాకుళం వెళ్లేటప్పుడు హైవే మీద 80 దాటకుండానే ఇంజను గోల పెట్టింది. కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్తే 40 రాళ్లకు మీటరు 43 చూపించింది. మైలేజీ పెరిగిందని అన్నాళ్లూ మురిసిపోయింది ఈ తప్పు లెక్క చూసే!

మా మెకానిక్ పెద్దాయన పాత సైజు స్టెప్నీని వెనక చక్రానికి బిగించి, టైరు మీద, గచ్చు మీద సుద్దగీత గీశారు. గీత మళ్లీ కిందికొచ్చేదాకా బండి తోశాం. టేపు పెడితే 187 సెంటీమీటర్లు. కొత్త టైరుకు 174. అంటే కిలోమీటరుకు 535 చుట్లు తిరగాల్సిన చక్రం 575 తిరుగుతోంది. టాప్ గేర్లో చక్రం ఒక చుట్టు తిరగాలంటే ఇంజను నాలుగు చుట్లకు పైనే తిరగాలి. వెనక ఇరుసులో చక్రాలను తిప్పే క్రౌను, పినియను అనే గేర్ల పళ్లు మారవు కాబట్టి ఆ లెక్కా మారదు. కిలోమీటరుకు నూట అరవై చుట్లకు పైగా ఇంజను మీద అదనంగా పడ్డాయి. ఐదో గేరు లేని బండి ఆ భారం ఎక్కడ దించుకుంటుంది? స్పీడోమీటరు కేబులు గేర్‌బాక్సు నుంచే వస్తుంది, దానికి టైరు మారిన సంగతి తెలియదు.

ఇప్పుడు 165/80 ఆర్14 వేశాను. కొన్ని స్విఫ్ట్ కార్లకు వచ్చిన సైజే. సుద్దగీతతో కొలిస్తే 189 వచ్చింది. స్టీరింగు పూర్తిగా తిప్పినా నా బండికి ఎక్కడా రాసుకోలేదు. కాకపోతే ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు పొట్టి టైర్ల నాటి లాగుడు లేదు. అప్పుడు మూడో గేరుతో ఎక్కిన కొన్ని మలుపుల్లో ఇప్పుడు రెండో గేరు వేయాల్సి వస్తోంది. అయినా ఇంజను ఊపిరి పీల్చుకుంటోంది, నాకదే కావాలి.

పాత బండ్ల గురించి వేసేటప్పుడు రంగు, మెరుపుతో పాటు కంపెనీ టైరు సైజు కూడా వేయండి. ఆ ఫొటోలోని పద్మిని యజమాని గారు ఒక సుద్దముక్క, టేపు తీసుకుని ఒక్కసారి కొలుచుకోవాలని నా మనవి.

- ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, విశాఖపట్నం