తుపాకీకి తాళం ఉందో లేదో చూసేదెవరు?

సంపాదకుడు గారికి,

నేను 17 ఏళ్లు సైన్యంలో పనిచేసి, ఆ తర్వాత ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఉదయగిరి దగ్గర మా ఊళ్లో నాలుగెకరాల నిమ్మతోట చూసుకుంటున్నాను. బ్యాంకు ఉద్యోగం కోసం కొన్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ ఇంకా నా దగ్గరే ఉంది. లైసెన్సు ఉంది. నేను రాయబోయేదాంట్లో తప్పు నాదే. అందుకే నా పేరు, ఊరి పేరు వేయవద్దని మనవి.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి అమెరికా నుంచి పిల్లాణ్ణి తీసుకొని వచ్చింది. వాడికి ఏడేళ్లు. మా తమ్ముడి మనవడికీ అదే ఈడు. కనుమ నాడు భోజనాలయ్యాక పెద్దవాళ్లమంతా వసారాలో కూర్చున్నాం. లోపలి గదిలో తలుపు వెనక కొక్కేనికి తుపాకీ వేలాడుతుంటుంది. తమ్ముడి మనవడు స్టూలెక్కి దాన్ని దించాడు. మోయలేక మంచం కోడు మీద ఆనించి, నోటితో "డిష్యుం, డిష్యుం" అంటున్నాడు. ఆ గోల విని నేను లోపలికి పోయేసరికి మా మనవడు కనబడలేదు. వంగి చూస్తే మంచం కింద, గోడవార, బోర్లా పడుకొని ఉన్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు, అరవొద్దని. తుపాకీతో ఎవరన్నా వస్తే ఎట్లా దాక్కోవాలో వాళ్ల స్కూల్లో ప్రాక్టీసు చేయిస్తారట.

తుపాకీ చేతిలోకి తీసుకొని గొట్టం మడిచి చూశాను. ఎడమ గొట్టంలో తూటా ఉంది.

నిమ్మచెట్ల మధ్య వేసిన వేరుశనగ మీద ఒక రాత్రి అడవిపందులు పడితే, బెదరగొడదామని రెండు తూటాలు పెట్టి ఒకటి గాల్లోకి పేల్చాను. రెండోది తీయడం మరిచిపోయాను. సైన్యంలో డ్యూటీ దిగగానే "ఖాలీ కర్" అని ఆర్డరు వస్తుంది. ఖాళీ చేసి చూపించాలి, కోత్‌లో, అంటే ఆయుధాలు భద్రపరిచే గదిలో, జమ చెయ్యాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. అన్నేళ్లు ఆ పని చేసినవాణ్ణి ఇంటికొచ్చాక తలుపు వెనక తగిలించాను. మా ఆవిడ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మా అమ్మాయి వాళ్లుండేది మిచిగన్ రాష్ట్రంలో. అక్కడ ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్లో 2021 నవంబరు 30న 15 ఏళ్ల పిల్లవాడు తండ్రి కొన్న పిస్తోలు తీసుకెళ్లి స్కూల్లో నలుగురు విద్యార్థుల్ని కాల్చి చంపాడు. తల్లిదండ్రులిద్దరి మీదా కేసు నడిచి, 2024లో కనీసం పదేళ్లు, గరిష్ఠంగా పదిహేనేళ్లు జైలు పడింది. అదే ఏడాది ఫిబ్రవరి నుంచి, పిల్లలు తిరిగే ఇంట్లో తుపాకీని ఖాళీ చేసి తాళం వేసి ఉంచాలని అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది. "తుపాకుల దేశంలో ఉంటున్నారు, జాగ్రత్త అని ఫోన్లో నాకు చెప్పేది నువ్వే కదా నాన్నా" అంది మా అమ్మాయి. ఏం చెప్పను?

మన చట్టం మెతక అని నేననను. లైసెన్సు రావడమే కష్టం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, ఒకరి దగ్గర మూడు దాకా ఉండనిచ్చే తుపాకుల్ని రెండుకు తగ్గించారు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరానికి పేల్చి జనం ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు. కానీ అదే సవరణలో లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేశారు. అంటే నాలాంటివాణ్ణి కాగితం మీదైనా పలకరించేది ఐదేళ్లకోసారి. భద్రంగా దాచుకుంటానని నేను సంతకం పెట్టి ఇచ్చాను. ఎక్కడ దాచావు, చూపించు అని ఇంతవరకు ఎవరూ మా గడప తొక్కలేదు. ఎన్నికలప్పుడు మాత్రం తీసుకెళ్లి స్టేషన్లో జమ చెయ్యాలి, రసీదు ఇస్తారు. 2024 ఎన్నికలప్పుడు అది ఇంట్లో లేనన్నాళ్లూ టెన్షన్ లేకుండా నిద్రపట్టిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఇక వెలిగొండల కింద ఊళ్లలో నాటు తుపాకుల సంగతి మీకు తెలియనిది కాదు. సూరేకారం, గంధకం, బొగ్గు నూరి గొట్టంలో కూరడం, పైన సీసం ముక్కలు వేయడం. అది పందికి తగులుతుందో, పట్టుకున్నవాడి వేళ్లు తీసుకుపోతుందో పేలేదాకా తెలియదు. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే ఇప్పుడు కనీసం రెండేళ్లు జైలు, తయారుచేస్తే కనీసం ఏడేళ్లు. శిక్ష పెంచారు, మంచిదే. అయితే తాత కాలం నాటిది ఇంట్లో పడి ఉన్నవాడు ఆ భయానికి దాన్ని తెచ్చి ఇవ్వడు, వామిలోనో పశువుల కొట్టం చూరులోనో దాస్తాడు. కేసు పెట్టం, రెండు నెలల్లో తెచ్చి ఇచ్చేయండి అని ఊరూరా దండోరా వేయిస్తే చాలామంది ఇస్తారని నా నమ్మకం. దాంతోపాటు పందులు తిన్న పంటకు పరిహారం వెంటనే చేతికందాలి. అది లేకుండా ఎన్ని దండోరాలు వేసినా లాభం లేదు.

ఆయుధాల చట్టం కేంద్రం చేతిలోది కాబట్టి మా నెల్లూరు ఎంపీ గారినే మొదట అడుగుతున్నాను. తుపాకీ ఒకచోట, తూటాలు ఒకచోట, రెండింటికీ తాళం ఉండాలని, రెన్యువల్‌కు ముందు ఇంటికి వచ్చి చూసి మరీ సంతకం పెట్టాలని, పిల్లల చేతికి అందితే యజమానిదే నేరమని చట్టంలో రాయించండి. ఆ లెక్కన మొదటి ముద్దాయిని నేనే, ఒప్పుకుంటాను. చట్టం మారేలోగా, లైసెన్సున్నవాళ్ల ఇళ్లకు మనిషిని పంపి చూపించమని మా ఎమ్మెల్యే గారు కలెక్టరు గారికి ఒక్క మాట చెప్పినా పని మొదలవుతుంది.

కనుమ వెళ్లిన మూడో రోజు నెల్లూరు పోయి ఇనప పెట్టె కొనుక్కొచ్చి గోడకు బోల్టులు బిగించాను. తాళంచెవి మా ఆవిడ దగ్గర ఉంది. నా లైసెన్సు వచ్చే ఏడాది రెన్యువల్‌కు వస్తుంది. ఈలోగా ఎవరైనా వచ్చి పెట్టె చూస్తామంటే పగలంతా ఇంటి దగ్గరే ఉంటాను, తోటలో ఉంటే కేకేస్తే వస్తాను.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా